ఫర్మానా నుంచి కానూన్ దాకా: మన నిమ్స్ కథ

మన ఇళ్ళల్లో నిమ్స్ మాటొస్తే ఒక బహస్ తప్పదు. "అది నిజాం సర్కార్ ఇచ్చిన దవాఖానా" అని ఒకరు, "కాదు, ఎన్టీఆర్ తెచ్చింది" అని ఇంకొకరు. నా లెక్కలో ఇద్దరి మాటా సగం సగం సచ్. మిగతా కథ 1989 నాటి ఒక కానూన్‌లో ఉంది. దాన్ని ఎవరూ తల్చుకోరు.

ఇలాజ్, తాలీమ్ ఒకే కప్పు కింద ఉండాలన్న ఖయాల్ మన షహర్‌కు కొత్త కాదు. 16వ శతాబ్దం చివర్లో మొహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన దారుల్ షిఫాలో మరీజ్‌లూ ఉండేవాళ్ళు, యునానీ తిబ్ నేర్చుకునే షాగిర్ద్‌లూ ఉండేవాళ్ళు. ఇప్పుడు ఆ పేరు మొహల్లాకు మిగిలింది. తర్వాత 1846లో, నాసిరుద్దౌలా జమానాలో, రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ చేతుల మీదుగా హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది. అందులో అంగ్రేజీ వైద్యాన్ని ఉర్దూలో చెప్పారు! "ఉర్దూ మీడియంలో చదివి ఏం ఉద్ధరిస్తావు?" అని నా బచ్‌పన్‌లో అడిగినవాళ్ళకు ఈ ముక్క తెలిసి ఉంటే బాగుండేది.

1866లో అఫ్జల్‌గంజ్ దవాఖానా వచ్చాక ఆ స్కూలుకు ఒక పెద్ద వార్డు తోడైనట్టయింది. ఆ రెండింటి మేల్ ఏం చేయగలదో చూపించినవాడు ఎడ్వర్డ్ లారీ. రెసిడెన్సీ సర్జన్ ఆయనే, స్కూలు ప్రిన్సిపాలూ ఆయనే. ఆపరేషన్‌కు క్లోరోఫాం ఇస్తే కొందరు టేబుల్ మీదే ఎందుకు పోతున్నారు, ముందు ఆగేది గుండెనా, సాసా? దునియా డాక్టర్లంతా జుట్లు పట్టుకుంటున్న సవాల్ అది. తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు కమిషన్లు హైదరాబాద్‌లోనే కూర్చున్నాయి. రెండోదానికి మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చారు. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ను పంపింది. ముందు ఆగేది సాసే, నాడిని కాదు సాసును చూడండి అని వాళ్ళ ఫైసలా. తర్వాత 1911లో లెవీ అనే డాక్టర్, గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదని రుజువు చేశాడు. ఫైసలా నిలవలేదు. అయినా లండన్ డాక్టర్ మన మూసీ ఒడ్డుకొచ్చి పని చేశాడంటే, ఇక్కడ దవాఖానా, స్కూలు కలిసి నడవడమే వజహ్ అని నా నమ్మకం.

ఇదంతా ఫర్మానా మీద నడిచింది. రాజు దిల్ బాగుంటే దవాఖానా బాగుంటుంది, ఆ చెయ్యి పోతే? 1908 మూసీ తుగ్యానీలో అఫ్జల్‌గంజ్ దవాఖానా దెబ్బతిన్నాక ఉస్మానియా హాస్పిటల్ లేచింది. ఉస్మానియా మెడికల్ కాలేజీలో మళ్ళీ ఉర్దూలో పాఠాలు నడిచాయి. 1948 తర్వాత ఆ ఉర్దూ పోయింది. దవాఖానా, కాలేజీ రెండూ సర్కారువే, కానీ దఫ్తర్లు వేరు. వార్డుకు సూపరింటెండెంట్, క్లాసుకు ప్రిన్సిపాల్, డిగ్రీకి యూనివర్సిటీ. 1986లో హెల్త్ యూనివర్సిటీ విజయవాడలో పెట్టాక డిగ్రీ దఫ్తర్ ఇంకా దూరమైంది.

కానూన్‌తో వీటిని ఒకటి చేసే రాస్తా మొదట ఢిల్లీ చూపించింది. రాజకుమారి అమృత్ కౌర్ ఆరోగ్య మంత్రిగా పార్లమెంటులో తెచ్చిన 1956 కానూన్‌తో ఎయిమ్స్ పుట్టింది. ఇలాజ్ తనదే, పాఠం తనదే, పరీక్షా డిగ్రీ కూడా తనవే.

పంజగుట్టలో అప్పటికి లేని దవాఖానా 1964లో తెరుచుకుంది. నిజాం చారిటబుల్ ట్రస్ట్ ఖైరాత్‌తో వచ్చిన ఆర్థోపెడిక్ హాస్పిటల్, అంటే ఎముకల ఇలాజ్ కోసం. ఎన్టీఆర్ హుకూమత్ 1980లలో దాన్ని పెద్ద ఇన్‌స్టిట్యూట్ చేయాలనుకుంది. అమెరికాలో పనిచేసిన రేడియాలజీ డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు వచ్చి డైరెక్టరయ్యారు. 1989లో అసెంబ్లీ చేసిన కానూన్ దాన్ని యూనివర్సిటీ హోదాలో నిలబెట్టింది. పొద్దున వార్డులో మరీజ్‌ను చూసే ప్రొఫెసరే మధ్యాహ్నం పాఠం చెబుతాడు, షాగిర్ద్‌కు డిగ్రీ ఇచ్చేదీ అదే ఇదారా. గుండె, కిడ్నీ, మెదడు లాంటి పెద్ద చదువులు అలా అక్కడ నిలదొక్కుకున్నాయి. ట్రస్ట్ ఖైరాత్ ఇచ్చిన నిజాం పేరు మాత్రం కానూన్ పేరులోనే ఉండిపోయింది.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. తన ఖర్చు తాను చూసుకునే ఇదారా ఫీజు అడుగుతుంది. ఉస్మానియాలో గరీబ్‌కు ఉచితంగా దొరికే ఇలాజ్‌కు నిమ్స్‌లో కౌంటర్ దగ్గర రసీదు కావాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక చాలామందికి ఆ తలుపు తెరుచుకుంది, కానీ కార్డు జాబితాలో లేని బీమారీ వస్తే? రిక్షా తోలే మనిషికి కానూన్‌లోని "యూనివర్సిటీ" మాటతో ఏం పని?

మూసీ ఒడ్డున ఉస్మానియా పాత ఇమారత్‌లోకి 2020 జులై వానలకు నీళ్ళొచ్చాయి, ఆ బ్లాకును ఖాళీ చేయించారు. కొత్త దవాఖానాకు 2025 జనవరిలో గోషామహల్‌లో పునాదిరాయి వేశారు. ఇమారత్ కొత్తదైనా ఆ మూడు దఫ్తర్ల సంగతి ఏం చేస్తారో, ఆ కానూన్ ఎవరు రాస్తారో చూడాలి.