తూటా అడుగున టోపీ

తుపాకి చరిత్రను వ్రాసేవారు గొట్టమును గూర్చి, మందును గూర్చి ఎంతో చెప్పుతారు. తూటా అడుగున బఠాణీ గింజంత చోటులో ఇమిడియుండే టోపీని మాత్రం ఒక్క వాక్యంతో సరిపుచ్చుతారు. వ్యాపారులు నేడు ప్రైమర్ అని పిలిచేది ఈ టోపీనే.

స్కాట్లండులోని బెల్‌హెల్వీలో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే చర్చి పురోహితుడు ఉండేవాడు. ఆయనకు నీటిపక్షుల వేట అంటే మక్కువ. ఆనాటి చెకుముకి తుపాకిలో మొదట నిప్పురవ్వ రాలి, పళ్ళెంలోని మందు భగ్గున మండి, ఆ తరువాత గాని గొట్టంలోని మందు అంటుకొనదు. ఆ వెలుగు చూచి పక్షులు నీటిలో మునిగి తప్పించుకొనేవి. దెబ్బకు పేలే రసాయనమును ఉపయోగిస్తే వెలుగూ, జాప్యమూ రెండూ తప్పునని తలచి, ఆయన 1807లో పేటెంటు పొందినాడు. అట్టి రసాయనమైన పాదరస లవణమును ఎడ్వర్డ్ హోవర్డ్ 1800లోనే లోకానికి తెలిపియున్నాడు. ఆ పరిశోధనలో తానూ గాయపడినాడు.

కొంతకాలానికి ఆ రసాయనం చిన్న రాగి టోపీలో చేరినది. దానిని కనిపెట్టినది తామేనని పలువురు వాదించినారు. ఆ తగవు తీర్చుట మన పని కాదు. మనకు కావలసినది అప్పుడే పుట్టిన చిక్కు. టోపీ వదులైతే జారిపడును. బిగువైతే పూర్తిగా దిగదు. పూర్తిగా దిగని టోపీపై పడిన దెబ్బబలం దానిని లోనికి నెట్టుటకే ఖర్చగును. తుపాకి మాత్రం పేలదు. రెండవ దెబ్బకు పేలినా పేలవచ్చును; ఈలోగా పక్షి ఎగిరిపోవును గదా!

టోపీని తూటా అడుగుననే అమర్చే పద్ధతి ఐరోపాలో పెంపొంది, 1861లో జార్జి డా అనే వ్యాపారి ద్వారా ఇంగ్లండులో ప్రచారం పొందినది. 1866లో హైరం బెర్డన్ టోపీకి ఆనికయైన దాగలిని తూటాలోనే మలచినాడు. ఇంచుమించు ఆ కాలముననే ఎడ్వర్డ్ బాక్సర్ దానిని టోపీలోనే పెట్టినాడు. అమెరికావాడైన బెర్డన్ పద్ధతి ఐరోపాలోను, ఇంగ్లీషువాడైన బాక్సర్ పద్ధతి అమెరికాలోను స్థిరపడుట ఒక వింత.

సీసపు రవలు కొట్టే తుపాకి తూటాకు మరొక ఇబ్బంది ఉన్నది. దాని గొట్టం పూర్వం కాగితంతో చేసేవారు. అడుగున పలుచని ఇత్తడి, లోపల అదిమిన కాగితపు దిమ్మ. అంత మెత్తని చోట దాగలి నిలువదు. అందుచేత టోపీని, దాగలిని కలిపి అంచుగల ఒక చిన్న లోహపు గిన్నెలో బిగించినారు. ఆ అంచు ఇత్తడికి ఆని ఆగవలెను. ‘209’ అను అంకెతో నేడు అమ్మేది ఇదే.

వాడిన తూటాలను తిరిగి నింపుకొనేవారికి పాత చిక్కే మళ్ళీ ఎదురగును. ఐరోపా ప్రైమర్లలో కొన్ని అమెరికా వాటికన్న వెంట్రుకవాసి లావు. ఒకసారి అవి దిగిన రంధ్రం సాగును. అమెరికా ప్రైమర్ అందులో వదులగును. అటువంటి గుల్లను పారవేయుటయే మేలని నా అభిప్రాయం. అడుగు ఇత్తడికన్న ఎత్తుగా నిలిచినది మరింత ప్రమాదకరం: తుపాకి పూర్తిగా మూతపడకముందే పేలవచ్చును. దానిని సుత్తితో కొట్టి దించబూనుట ప్రాణాపాయం. నింపిన తూటాను చదునైన బల్లపై నిలిపినప్పుడు ఊగిసలాడితే, ప్రైమర్ సరిగా దిగలేదన్నమాట.