ఇరవయ్యేడేళ్లకే ముగిసిన ఆట

సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో 1936లో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్ల తోలుతో కుట్టిన జోడు వేసుకుని బంతి తన్నాడు. అతని కాళ్లలో ఏముందో పసిగట్టినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిపించిన కోచ్ ఆయన. రోజూ నగరానికి రావడానికి డబ్బుల్లేవని కుర్రాడు చెబితే, సైకిల్ అద్దె తానే ఇచ్చి రప్పించుకున్నారు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌లో కలకత్తాకు దీటుగా నిలిచిన ఊరు హైదరాబాద్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టుకు రహీం సాబే కోచ్. ఇరవయ్యేళ్ల బలరాం అందులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. మహా జట్టు హంగరీ మనమీద 2-1తో గట్టెక్కింది. బలరాం దాడిలో ఎక్కడ నిలబెట్టినా ఆడగలిగేవాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపే పలికేవారు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. థాయ్‌లాండ్ మీద, జపాన్ మీద బలరాం గోల్స్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్లు స్వర్ణం తెచ్చారు. ఆ స్వర్ణం మళ్లీ మనకు దక్కలేదు.

మరుసటి ఏడాది జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. అదే 1963లో శిష్యుడికీ ఊపిరితిత్తుల జబ్బు చేసింది. గురువు ప్రాణం పోయింది, శిష్యుడి ఆట పోయింది. ఆటగాడు పరిణతి చెందే వయసులో, ఇరవయ్యేడేళ్లకే, బలరాం బూట్లు విప్పేశాడు.

ఆ తర్వాత అరవై ఏళ్లు బతికాడు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో ఒంటరిగా గడిపాడు. అర్జున అవార్డు 1962లోనే వచ్చింది. చునీకి, పి.కె.కి పద్మశ్రీ ఇచ్చిన దేశం మూడోవాణ్ణి మరిచిపోయింది. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో అతను వెళ్లిపోయాడు.

జబ్బు ఎవరి తప్పూ కాదు. మరుపు మాత్రం మనదే. రహీం సాబ్ తర్వాత అంతటి గురువును మనం తయారు చేసుకోలేదు. 1965-66 తర్వాత రాష్ట్ర జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బడి మైదానాల్లో బంతి తన్నే పిల్లలకు మెస్సీ తెలుసు. బలరాం పేరు చెప్పాల్సినవాళ్లం మనం. పేరు చెప్పడంతోనే సరిపోదు. ఆ పిల్లల్లో ఒకడి కాళ్లలో ఏముందో చూసే కన్ను, వాడి ఖర్చు భరించే చెయ్యి ప్రతి జిల్లాలో ఉండాలి. బలరాంకు మనం పడిన బాకీ ఆ పిల్లలకే తీర్చాలి.