లండన్ హోటల్ బార్లు: రూమ్ బుక్ చేయక్కర్లేదు.. ఒక్క గ్లాసు చాలు! వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

లండన్ వెళ్లిన మనవాళ్లు బిగ్ బెన్ చూస్తారు, టవర్ బ్రిడ్జ్ దగ్గర రీల్ చేస్తారు. సావోయ్, రిట్జ్ లాంటి పెద్ద హోటళ్ల ముందు మాత్రం ఒక ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. లోపలికి వెళ్తే డోర్‌మన్ ఆపేస్తాడేమో, రూమ్ నంబర్ అడుగుతారేమో అని భయం. నిజానికి ఆ భయం అక్కర్లేదు. అక్కడి హోటల్ బార్లలో చాలావరకు బయటివాళ్లు కూడా వెళ్లొచ్చు. ఒక్క రాత్రి రూమ్‌కి వందల పౌండ్లు తీసుకునే హోటల్‌లో, ఒక్క డ్రింక్ ఖర్చుతో గంటసేపు కూర్చోవచ్చు. మరి లండన్‌లో చూడాల్సిన హోటల్ బార్లు ఏవి? వాటి వెనుక ఉన్న కథలేంటి? జేబుకు, ఆరోగ్యానికి చిల్లు పడకుండా ఎలా వెళ్లిరావాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

1. అమెరికన్ బార్, ది సావోయ్ (స్ట్రాండ్)

లండన్ హోటల్ బార్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు ఇదే. సావోయ్ హోటల్ 1889లో మొదలైంది. బార్ ఉన్నది లండన్‌లో అయినా పేరు మాత్రం 'అమెరికన్'. ఎందుకంటే.. రకరకాల డ్రింక్స్ కలిపి, ఐస్ వేసి ఇచ్చే కాక్‌టెయిల్ పద్ధతి అప్పట్లో అమెరికా నుంచి వచ్చిన ఫ్యాషన్. అలాంటివి దొరికే చోటును యూరప్‌లో 'అమెరికన్ బార్' అనేవారు.

ఇక్కడ 1903లో హెడ్ బార్‌టెండర్‌గా చేరింది ఒక మహిళ. పేరు ఆడా కోల్‌మన్. బ్రిటన్‌లో ఆడవాళ్లకు ఓటు హక్కే లేని రోజులవి! చార్లెస్ హాట్రీ అనే నటుడి కోసం ఆమె తయారుచేసిన 'హాంకీ పాంకీ' కాక్‌టెయిల్‌ను ప్రపంచంలోని బార్లలో నేటికీ కలుపుతున్నారు. ఆమె తర్వాత హెడ్ బార్‌టెండర్ అయిన హ్యారీ క్రాడక్ అమెరికాలో పనిచేసేవాడు. 1920లో అక్కడ మద్యనిషేధం రావడంతో లండన్ చేరాడు. 1930లో వచ్చిన ఆయన 'సావోయ్ కాక్‌టెయిల్ బుక్' బార్‌టెండర్లకు ఇప్పటికీ పెద్ద బాలశిక్ష లాంటిది. 2017లో 'వరల్డ్స్ 50 బెస్ట్ బార్స్' లిస్టులో ఈ బార్‌కే నంబర్ 1 స్థానం దక్కింది.

బయటకు వచ్చాక ఇంకో వింత చూడండి. బ్రిటన్‌లోనూ మనలాగే వాహనాలు రోడ్డుకు ఎడమవైపు వెళ్తాయి. కానీ హోటల్ ముందున్న సావోయ్ కోర్ట్ అనే చిన్న దారిలో మాత్రం కుడివైపు నడపాలి!

2. డ్యూక్స్ బార్, డ్యూక్స్ హోటల్ (సెయింట్ జేమ్స్)

జేమ్స్ బాండ్ ఫ్యాన్స్‌కి ఇది పుణ్యక్షేత్రమే. బాండ్‌ను సృష్టించిన రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ ఇక్కడికి తరచూ వచ్చేవాడని చెబుతారు. సినిమాల్లో బాండ్ మార్టినీని షేక్ చేసి ఇవ్వమంటాడు కదా.. ఇక్కడ షేక్ చేయరు, గరిటెతో కలపరు కూడా. ఫ్రీజర్‌లో గడ్డకట్టేంత చల్లగా ఉంచిన జిన్‌ను ట్రాలీ మీద మీ టేబుల్ దగ్గరకే తెచ్చి, నేరుగా గ్లాసులోకి పోస్తారు. ఐస్ ఉండదు కాబట్టి నీళ్లు కలవవు. అందుకే ఇది చాలా స్ట్రాంగ్. ఒక్కొక్కరికి రెండుకు మించి ఇవ్వరు! ఎంత డబ్బున్నా మూడోది లేదు. అలవాటు లేనివాళ్లకు ఆ రెండోది కూడా వద్దనే మా సలహా.

3. పంచ్ రూమ్, ది లండన్ ఎడిషన్ (బర్నర్స్ స్ట్రీట్)

మన తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కథ ఇక్కడుంది. ఈ బార్ స్పెషల్ 'పంచ్'. పెద్ద గిన్నెలో కలిపి, కప్పులతో తలా కాస్త పంచుకునే డ్రింక్ ఇది. ఈ పేరు మన 'పంచ' నుంచి, అంటే ఐదు అనే మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. మద్యం, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, మసాలా.. మొత్తం ఐదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో మన దేశానికి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్లు దీనికి అలవాటుపడి, తమ దేశానికి తీసుకెళ్లారు.

అసలు విషయం ఏంటంటే.. ఇంగ్లిష్‌లో 'పంచ్' అనే డ్రింక్ ప్రస్తావన ఉన్న తొలి రాతల్లో ఒకటి 1632 నాటి ఉత్తరం. రాసింది ఆర్మగాన్‌లోని కంపెనీ మనిషి. అంటే పూర్వపు నెల్లూరు జిల్లాలోని మన దుగరాజపట్నం! అది చేరాల్సింది పెటపోలిలోని మరో ఉద్యోగికి. ఆ పెటపోలి మరేదో కాదు, ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నం! ఇవాళ లండన్‌లో స్టైల్‌గా సర్వ్ చేస్తున్న ఈ డ్రింక్ పేరు ఒకప్పుడు మన కోస్తా తీరంలో ఉత్తరాల్లో తిరిగిందన్నమాట.

4. కన్నాట్ బార్, ది కన్నాట్ (మేఫెయిర్)

ఢిల్లీ కన్నాట్ ప్లేస్, ఈ హోటల్.. రెండింటికీ పేరు ఒక్కరి నుంచే వచ్చింది. ఆయన విక్టోరియా రాణి మూడో కొడుకు, డ్యూక్ ఆఫ్ కన్నాట్. 2008లో మొదలైన ఈ బార్‌కు డిజైనర్ డేవిడ్ కాలిన్స్. 2020, 2021లో వరుసగా రెండుసార్లు వరల్డ్ నంబర్ 1. ఇక్కడ కూడా మార్టినీ ట్రాలీ మీదే వస్తుంది. రకరకాల బిట్టర్స్ వాసన చూపించి, నచ్చింది ఎంచుకోమంటారు.

5. ఆర్టీసియన్, ది లాంగమ్ (పోర్ట్‌ల్యాండ్ ప్లేస్)

1865లో మొదలైన హోటల్ ఇది. హోటల్ కింద ఉన్న లోతైన బావి వల్లే బార్‌కు ఈ పేరు. 2012 నుంచి 2015 వరకు వరుసగా నాలుగేళ్లు వరల్డ్ నంబర్ 1 ఇదే. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు మరో విషయం. 1889లో ఇదే హోటల్‌లో ఒక అమెరికన్ ఎడిటర్ ఇచ్చిన డిన్నర్‌కు ఇద్దరు రచయితలు వచ్చారు. ఒకరు షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయల్, మరొకరు ఆస్కార్ వైల్డ్. ఆ డిన్నర్ పుణ్యమే 'ది సైన్ ఆఫ్ ఫోర్', 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే' నవలలు.

6. గాంగ్, షాంగ్రీ-లా (ది షార్డ్)

310 మీటర్ల ఎత్తున్న షార్డ్ బిల్డింగ్‌లో 52వ అంతస్తులో ఉంది ఈ బార్. థేమ్స్ నది, సెయింట్ పాల్స్ చర్చి అన్నీ కిందే కనిపిస్తాయి. ఫొటోల కోసమైతే సూర్యాస్తమయానికి ముందే వెళ్లాలి. బుక్ చేసేటప్పుడు మినిమమ్ స్పెండ్ ఉందేమో చూసుకోండి.

7. స్కార్ఫ్స్ బార్, రోజ్‌వుడ్ (హై హోల్‌బర్న్)

ప్రముఖ కార్టూనిస్ట్ జెరాల్డ్ స్కార్ఫ్ పేరు మీద పెట్టిన బార్. గోడల మీద ఆయన బొమ్మలే. ఫైర్‌ప్లేస్, పుస్తకాల అరలు, లైవ్ జాజ్ మ్యూజిక్. తాగకపోయినా వినడానికి వెళ్లొచ్చు.

ఖర్చు ఎంత?

ఈ రేంజ్ బార్లలో ఒక కాక్‌టెయిల్‌కు 20 పౌండ్లకు పైనే అవుతుంది. అంటే 2 వేల రూపాయలు దాటినట్టే. లండన్‌లో చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసే మన పిల్లల లెక్కలో చెప్పాలంటే.. 2025 ఏప్రిల్‌లో అక్కడ 21 ఏళ్లు దాటినవారికి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లుగా ఉండేది. ఒక్క గ్లాసు అంటే దాదాపు రెండు గంటల కష్టం. పైగా డిగ్రీ స్టూడెంట్లు కాలేజీ రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయాలి. అందుకే ఫ్రెండ్స్ అందరికీ రౌండ్ చెప్పేముందు మెనూలో రేటు చూడండి.

మెనూ రేటులోనే ట్యాక్స్ ఉంటుంది. బిల్లులో సర్వీస్ చార్జ్ విడిగా కలుపుతారు. అది ఆప్షనల్ అని రాసి ఉంటే తీసేయమని మర్యాదగా అడగొచ్చు. సర్వీస్ చార్జ్ ఇచ్చాక మళ్లీ టిప్ ఇవ్వాల్సిన పనిలేదు.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

వయసు: బ్రిటన్‌లో 18 ఏళ్లు నిండాలి. చిన్నగా కనిపిస్తే ఐడీ అడుగుతారు.

డ్రెస్: స్పోర్ట్స్ వేర్, షార్ట్స్ వద్దు. నీట్‌గా షర్ట్, ప్యాంట్, షూస్ చాలు. చీర కట్టుకుని వెళ్లినా దర్జాగానే ఉంటుంది.

కొలత: మన పెగ్ 30 మి.లీ. అయితే, అక్కడ సింగిల్ అంటే మామూలుగా 25 మి.లీ. అది దాదాపు ఒక యూనిట్. వారానికి 14 యూనిట్లు దాటొద్దని అక్కడి డాక్టర్ల సూచన. కానీ ఒక కాక్‌టెయిల్‌లో రెండు మూడు సింగిల్స్ కలిసి ఉండొచ్చు. గ్లాసు చిన్నదే కదా అని లెక్క తప్పితే కష్టం.

డ్రైవింగ్: ఇంగ్లండ్‌లో లిమిట్ 100 మి.లీ. రక్తంలో 80 మి.గ్రా., మన దగ్గర 30 మి.గ్రా. లిమిట్ ఎక్కువ ఉంది కదా అని స్టీరింగ్ పట్టొద్దు. శుక్ర, శనివారాల్లో కొన్ని లైన్లలో రాత్రంతా ట్యూబ్ రైళ్లు తిరుగుతాయి. మిగతా రోజుల్లో చివరి రైలు టైమ్ ముందే చూసుకోండి.

గ్లాసు: టేబుల్ మీద వదిలేసి వెళ్లొద్దు. కొత్తవాళ్లు ఇచ్చింది తాగొద్దు. ఒంట్లో తేడా అనిపిస్తే వెంటనే స్టాఫ్‌కు చెప్పండి.

తాగనివాళ్లు: మొహమాటం అక్కర్లేదు. ఇలాంటి బార్ల మెనూల్లో ఆల్కహాల్ లేని కాక్‌టెయిల్స్ కూడా ఉంటాయి.

ఒక్క సాయంత్రమే టైమ్ ఉందా? చరిత్ర కావాలంటే సావోయ్, వ్యూ కావాలంటే షార్డ్. నలుగురు కలిసి వెళ్తే మాత్రం పంచ్ రూమ్‌కే మా ఓటు. గిన్నె మధ్యలో పెట్టుకుని, దుగరాజపట్నం నుంచి నిజాంపట్నానికి వెళ్లిన ఆ ఉత్తరం కథ ఫ్రెండ్స్‌కి మీరే చెప్పొచ్చు.

గమనిక: ఇది కేవలం సమాచారం కోసం మాత్రమే. మద్యం సేవించడం ఆరోగ్యానికి హానికరం. రేట్లు, టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు ఆయా హోటళ్ల వెబ్‌సైట్లలో సరిచూసుకోండి.