ఎత్తైన ప్రదేశాల్లో ఊపిరితిత్తుల నీరు: ఒక వ్యాధిని గుర్తించిన చరిత్ర

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనగానే మీకు గుండెజబ్బు గుర్తుకు వస్తుంది. సాధారణంగా అది సరైన ఊహే. గుండె ఎడమభాగం బలహీనపడితే రక్తం వెనుకకు నిలిచి, ఒత్తిడి పెరిగి, ద్రవం గాలి గదుల్లోకి ఊరుతుంది. అయితే గుండె దృఢంగా ఉన్న యువకులకు కూడా ఈ స్థితి రాగలదని వైద్యలోకం అంగీకరించడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యం ఎందుకు జరిగిందో ఈ పాఠంలో చూద్దాం.

1891లో మోంట్ బ్లాంక్ పర్వతంపై, సుమారు 4,350 మీటర్ల ఎత్తున ఉన్న వాలో గుడిసెలో జాకోటె అనే యువ వైద్యుడు మరణించాడు. శవపరీక్షలో ఊపిరితిత్తుల్లో నీరు కనిపించింది. ఇటలీ శరీరధర్మ శాస్త్రవేత్త ఆంజెలో మోసో ఈ వివరాలను తన గ్రంథంలో నమోదు చేశాడు. అయినా ఆ మరణాన్ని న్యుమోనియా కిందనే లెక్కగట్టారు. కొత్త పేరు పుట్టేదాకా కొత్త వ్యాధిని పాత పేరులోనే సర్దేయడం వైద్య చరిత్రలో మీకు తరచుగా ఎదురవుతుంది. పెరూ వైద్యులు 1930లలోనే దీన్ని గురించి స్పానిష్‌లో రాశారు. ఇంగ్లీషు పత్రికలు మాత్రమే చదివేవారికి ఆ సంగతి చేరలేదు.

1960లో చార్లెస్ హూస్టన్ ఒక స్కీయింగ్ క్రీడాకారుడి కేసును ప్రచురించి, ఇది న్యుమోనియా కాదని వాదించాడు. హూస్టన్ స్వయంగా కే2 శిఖరంపైకి యాత్రలు నడిపిన పర్వతారోహకుడు కావడం ఇక్కడ ముఖ్యం.

రెండేళ్లకే భారతదేశానికి ఈ ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చింది. 1962 యుద్ధంలో మైదానాల సైనికులను అలవాటుపడే వ్యవధి లేకుండా హిమాలయాల ఎత్తులకు తరలించారు. ఆరోగ్యవంతులైన జవాన్లు రెండు మూడు రోజుల్లోనే దగ్గు, ఆయాసంతో కుప్పకూలారు. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్ బృందం ఈ కేసులను పరిశీలించి 1965లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. కొండలకు అలవాటుపడి, సెలవుపై కిందికి దిగి తిరిగివచ్చినవారికీ ఇది వస్తుందని తేలింది.

కారణం గుండెలో లేదు. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల రక్తనాళాలు ముడుచుకుంటాయని 1946లోనే ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లులపై ప్రయోగాల్లో చూపారు. ఆ ముడత అన్నిచోట్లా సమానంగా ఉండదు. తెరిచి ఉన్న నాళాలపై ఒత్తిడి పెరిగి ద్రవం కారుతుంది.

చికిత్స చరిత్ర ఇంత సాఫీగా లేదు. గుండెజబ్బు రోగులకు ఇచ్చినట్లే మూత్రం ఎక్కువగా పోయించే ఫ్యూరోసెమైడ్‌ను వీరికీ ఇచ్చారు. అప్పటికే ఒంట్లో నీరు తగ్గినవారికి అది మేలు చేయదని తరువాత గ్రహించి వదిలేశారు. పాత అలవాటు చికిత్సలో కూడా వెంటాడిందన్నమాట! నేడు ప్రధాన చికిత్స ఆక్సిజన్ ఇవ్వడం, వెంటనే కిందికి దించడం. దించడం కుదరనప్పుడు నిఫెడిపిన్ వాడతారు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరుతో రక్తంలో ఆక్సిజన్‌ను గమనిస్తారు.

ఇక నివారణ. మైదానాల నుంచి సుమారు 3,500 మీటర్ల ఎత్తులోని లేహ్‌కు చేరిన జవానును నేడు నేరుగా పైకి పంపరు. తొలి దశలోనే ఆరు రోజులు అక్కడ ఆగాలి. మొదటి రెండు రోజులూ విశ్రాంతి తప్ప మరే పనీ ఉండదు.