అమెరికాలో తెలుగు ఇంటిపేరు

తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. ఇంటిపేర్లలో ఎక్కువభాగం ఊళ్ల నుంచి పుట్టినవే. వలస వచ్చిన కుటుంబాన్ని కొత్త చోట పాత ఊరి పేరుతోనే ‘ఫలానావారు’ అని పిలిచేవారు. ఘంటసాల, వేమూరి, దావులూరి ఇలా వచ్చినవే. కొన్ని చదువునూ పదవినీ తెలుపుతాయి. ద్వివేదుల వేదాధ్యయనం వల్ల వచ్చింది. యల్లాప్రగడలోని ‘ప్రగడ’ అంటే మంత్రి. ఊరే మూలం కావడంతో ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లోనూ వినిపిస్తుంది.

అమెరికాలో పేరులోని చివరి మాటే వంశనామం. అందుకే తొలితరం తెలుగువారి ఇంటిపేర్లు అక్కడ పొడి అక్షరాలుగా మిగిలిపోయాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలిచే విధానానికి ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’ అని పేరొచ్చింది. అంటే తల్లిదండ్రులు పెట్టిన పేరే వంశనామం స్థానంలో కూర్చుంది. గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు లోకానికి సి.ఆర్. రావుగానే తెలుసు. 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, రాజ్ రెడ్డి అయ్యారు.

1965 నాటి వలస చట్టం తరువాత వైద్యులు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో వెళ్లారు. పాస్‌పోర్టులోనూ వీసాలోనూ ఇంటిపేరుకు, పెట్టిన పేరుకు వేర్వేరు గడులు ఉంటాయి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసాలో పెట్టిన పేరుకు బదులు ‘ఎఫ్.ఎన్.యు.’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని భావం. ఆ చిక్కు బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సుల దాకా వెంటాడుతుంది. ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించకుండా పూర్తిగా రాసి, పేరు చివరికి మార్చడం దీంతో స్థిరపడింది.

ఈ మార్పు ఒకే ఇంట్లో రెండు తరాల మధ్య కనిపిస్తుంది. ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ పేరులో ‘ఎన్’ అంటే నాదెళ్ల. ఆయన కుమారుడు 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయినప్పుడు లోకం విన్న పేరు సత్య నాదెళ్ల. అంతకు కొన్ని నెలల ముందే మిస్ అమెరికాగా ఎంపికైన నీనా పేరు చివర కూడా దావులూరి ఉంది.

పెళ్లితో స్త్రీ ఇంటిపేరు మారడం రెండు దేశాల్లోనూ ఉన్న ఆచారమే. 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరైన అరుణా మిల్లర్ పుట్టింటిపేరు కాట్రగడ్డ.