ఐర్లాండ్ పల్లె ఇళ్లు, దుకాణాలు

ఐర్లాండ్ పల్లె ఇళ్లు వాస్తుశిల్పులు గీసినవి కావు. చేరువలో దొరికే రాయి, మట్టి, గడ్డి, సున్నంతో ఊరివాళ్లే కట్టుకున్నారు. సంత ఊళ్లలోని కుటుంబ దుకాణాలు ఎక్కువగా 18, 19 శతాబ్దాల్లో వెలిశాయి. ఇళ్లలో పొదుపు కనిపిస్తుంది, దుకాణాల్లో ఆడంబరం.

ఇంటి వెడల్పు ఒక్క గదే. గదులు వరుసగా ఉంటాయి. నడవా లేదు, ఒక గదిలోంచే మరో గదిలోకి వెళ్లాలి. అడవులు చాలావరకు తరిగిపోవడంతో పొడవాటి దూలాలు దొరకడం కష్టమైంది. అందుకే ఇల్లు పెంచుకోవాలంటే పొడుగునే పెంచేవారు. పీట్ (కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడి, ఎండబెడితే ఇంధనంగా పనికొచ్చే మట్టి) బురదనేలల్లో వేల ఏళ్లుగా కూరుకుపోయిన దుంగలను తవ్వి తీసి కప్పుకు వాడిన ఇళ్లూ ఉన్నాయి.

ఇంటికి ఆయువుపట్టు పీట్ మండే పొయ్యి. తూర్పు, ఆగ్నేయ ప్రాంతాల్లో తలుపుకూ పొయ్యికీ మధ్య చిన్న అడ్డగోడ కట్టేవారు. అది ఈదురుగాలిని ఆపుతుంది. పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లు వచ్చిందెవరో చూసుకోవడానికి అందులో చిన్న కిటికీ ఉండేది. పడమర, ఉత్తర ప్రాంతాల్లో తలుపు పొయ్యికి దూరంగా, నేరుగా వంటగదిలోకి తెరుచుకుంటుంది. పూర్వం పొయ్యికి ఎదురుగా ఉన్న ఆ దిగువ కొసన పశువులను కట్టేవారు. వాయవ్యంలో పొయ్యి పక్కన గోడను బయటికి జరిపి మంచం పట్టేంత గూడు కట్టేవారు. 1930ల్లో స్వీడన్ పరిశోధకుడు ఓకె కాంబెల్, తర్వాత కెవిన్ డానహర్, అలన్ గేలీ ఈ తేడాలను నమోదు చేశారు.

పైకప్పు తీరు గాలిని బట్టి మారింది. గడ్డిపెళ్లలు పరిచి, వాటిపై గోధుమ, ఓట్ గడ్డి లేదా రెల్లు కప్పి, హేజెల్ పుల్లలతో బిగించేవారు. అట్లాంటిక్ తీరంలో అది చాలదు. కప్పు మీదుగా తాళ్లు లాగి గోడల్లోని రాతి మేకులకు కట్టాలి.

పర్యాటక చిత్రాల్లో కనిపించే తెల్ల సున్నపు పూరిల్లు నిరుపేదలది కాదు. 1841 జనగణన ఇళ్లను నాలుగు తరగతులుగా విభజించింది. ఒకే గది ఉన్న మట్టి గుడిసెలు నాలుగో తరగతి. అవి సుమారు 4.91 లక్షలు. 1840ల మహా కరువు తర్వాత, 1851 నాటికి, 1.36 లక్షలే మిగిలాయి. ఆకలి చావులు, వలసలు, భూస్వాములు వెళ్లగొట్టడం ఇందుకు కారణాలు. నేడు కనిపించేది కాస్త నిలదొక్కుకున్న రైతుల వారసత్వమే. 1883 నాటి కూలీల చట్టం తర్వాత స్థానిక సంస్థలు వేలాది చిన్న ఇళ్లు కట్టించాయి.

ఊరి దుకాణం కథ వేరు. కింద వ్యాపారం, పైన కాపురం, పక్కన కమాను కింద బండి పెరట్లోకి వెళ్లే దారి. ముందు కిరాణా, వెనుక మద్యం అమ్మడం మామూలే. టిప్పరరీ కౌంటీలోని ఫెథర్డ్‌లో మెకార్తీస్ పబ్ నేటికీ అంత్యక్రియల ఏర్పాట్లూ చేస్తుంది! ముఖభాగంలో కొయ్య స్తంభాలు, పైన కార్నీసు, చేతితో రాసిన యజమాని పేరు: గ్రీకు, రోమన్ రూపాలను ఊరి వడ్రంగి తన పద్ధతికి మలుచుకున్నాడు. 1845లో గాజుపై ఎక్సైజ్ సుంకం రద్దయ్యాక పెద్ద అద్దాలు చవకయ్యాయి.

ఈ తీరుకు పరాకాష్ఠ కెర్రీ కౌంటీలోని లిస్టోవెల్. అక్కడి గారపని మేస్త్రీ పాట్ మెకాలిఫ్ (1846–1921) దుకాణాల ముఖాలపై సింహాలను, హార్ప్ వాద్యాలను, పలు భాషల రాతలను మలిచాడు. ఐర్లాండ్‌ను స్త్రీమూర్తిగా చూపిన ‘మెయిడ్ ఆఫ్ ఎరిన్’ వాటిలో ప్రసిద్ధం. మర్యాదస్తుల అభిరుచికి అది అతిగా తోచవచ్చు. ఆ ధైర్యమే దాని విలువ.

20వ శతాబ్దం రెండో సగంలో ప్లాస్టిక్ బోర్డులు, అల్యూమినియం కిటికీలు వచ్చాయి. 1971లో వెలువడిన జాక్ ఫిట్జ్‌సిమన్స్ నమూనాల పుస్తకం ‘బంగలో బ్లిస్’ చూసి చాలామంది కొత్త బంగ్లాలు కట్టుకున్నారు. పాత ఇల్లు పేదరికపు గుర్తుగా కనిపించిన కుటుంబాలను తప్పుపట్టలేం. 2000 నాటి ప్రణాళికా చట్టం రక్షిత కట్టడాల జాబితాలను బలపరిచింది. 2021లో ప్రభుత్వం సంప్రదాయ నిర్మాణ వారసత్వంపై ప్రత్యేక వ్యూహపత్రం వెలువరించింది. అయినా జాబితాకెక్కని ఇళ్లు, కొట్టాలు చాలా ఉన్నాయి. మనుషులు ఖాళీ చేసిన ఇంట్లో ముందుగా కూలేది గడ్డికప్పు, ఆ తర్వాత వాన మట్టిగోడలను కరిగిస్తుంది.