‘పరీక్ష’ అనే మాట

పరీక్ష అనగానే మీకు ముందుగా తోచేది భయం. ఆ మాట పుట్టుకలో మాత్రం భయం లేదు. సంస్కృతంలో ‘పరి’ అంటే చుట్టూ, ‘ఈక్ష’ అంటే చూపు. అన్ని వైపుల నుండి నిదానించి చూడడమే పరీక్ష. గర్భంలో తనకు కనిపించిన పరమపురుషుణ్ణి ఎదుటివారిలో వెదకి చూసినందున అభిమన్యుని కుమారుడు పరీక్షిత్తు అయ్యాడని భాగవతం చెబుతుంది. రోగిని చూసి, తాకి, ప్రశ్నించి పరీక్షించాలన్నాడు చరకుడు. నేటికీ మా వైద్యుల దారి అదే.

జెద్దాలోని పాతపేట బలద్ 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడి బంగారు అంగళ్ల నడుమ వినిపించే అరబ్బీలో పరీక్షను ‘ఇమ్తిహాన్’ అంటారు. మన హైదరాబాదు ఉర్దూలోనూ అదే మాట. వెండిని నిప్పులో శుద్ధి చేయడమనే అర్థం దాని ధాతువుకు ఉన్నదని అరబ్బీ నిఘంటుకారులు వివరించారు. ఆంగ్లంలోని ‘టెస్ట్’ కూడా లోహాలను పరీక్షించే మట్టిపాత్ర పేరే. లాటిన్ ‘టెస్టుమ్’ దాని మూలం.

నిప్పు బంగారాన్ని అవమానించదు. అందులోని మేలిమిని తేల్చి చూపుతుంది. ఒక్క రక్తపరీక్ష అంకెతో వైద్యులు రోగిని పూర్తిగా నిర్ణయించరు. మార్కుల పట్టిక కూడా ఒక వైపు నుండి చూసిన చూపే. దానితోనే మీ విలువ కట్టుకుంటే, అది పరీక్ష అనే పేరుకే తగదు.